నాలుగు తీగల కథ

మేము బడిలో చదివింది తమిళం, తెలుగు నేర్చింది ఇంట్లో. రాతలో తమిళ వాసన తగిలితే సర్దుకోండి.

హామ్ రేడియోలో మాట్లాడతారని మనలో చాలామందికి తెలుసు. అదే రేడియోతో అక్షరాలు పంపిన చరిత్ర తెలిసినవాళ్లు తక్కువ. ఈ వారం ఆ సంగతి చూద్దాం.

1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్‌సన్ బృందం దీవుల మధ్య కంప్యూటర్లను రేడియోతో కలిపింది. దాని పేరు అలోహానెట్. సందేశాన్ని చిన్న చిన్న పొట్లాలుగా కట్టి, ఒక్కో పొట్లం మీద చిరునామా వేసి గాలిలోకి వదలడమే అందులో కిటుకు. 1978 మే 31న కెనడాలోని మాంట్రియల్ హామ్‌లు ఇదే పనిని తమ రేడియోలతో చేశారు. తరువాత వాంకూవర్‌లో డగ్ లాక్‌హార్ట్, ఆయన మిత్రులు కంప్యూటర్‌కూ రేడియోకూ మధ్య కూర్చునే ఒక పెట్టె తయారుచేశారు. దాన్నే టెర్మినల్ నోడ్ కంట్రోలర్, పొట్టిగా టీఎన్‌సీ అంటారు. అమెరికాలో టూసాన్ ఊరి హామ్‌లు 1985లో తెచ్చిన టీఎన్‌సీ-2ను చూసి ఎన్నో కంపెనీలు అదే తరహాలో పెట్టెలు చేశాయి.

రైల్వేలో పనిచేసినవాళ్లకు ఈ పెట్టె నడత సులువుగా అర్థమౌతుంది. సెక్షన్‌లో బండి ఉండగా ఇంకో బండికి లైన్ క్లియర్ ఇవ్వరు కదా! అట్లే ఈ పెట్టె ముందు చెవి పెట్టి వింటుంది, ఛానల్ ఖాళీ అయితేనే పంపుతుంది. ఇద్దరు స్టేషన్ మాస్టర్లు ప్రైవేట్ నంబర్లు ఇచ్చిపుచ్చుకుని మాట ఖాయం చేసుకున్నట్టు, అవతలి పెట్టె పొట్లాన్ని సరిచూసుకుని అందిందని జవాబిస్తుంది. జవాబు రాకుంటే ఇవతలిది మళ్లీ పంపుతుంది. ఈ నియమావళి పేరు ఏఎక్స్.25.

ఇక తీగల సంగతి. రేడియోకూ పెట్టెకూ మధ్య ముఖ్యంగా ఉండేవి నాలుగే. ఒకటి, పెట్టె నుంచి రేడియో మైక్‌లోకి పోయే శబ్దం. రెండు, రేడియో స్పీకర్ నుంచి పెట్టెలోకి వచ్చే శబ్దం. మూడు, మైక్ మీది బొత్తాన్ని మనిషి నొక్కే బదులు పెట్టే నొక్కే తీగ. నాలుగు, ఎర్త్. కంప్యూటర్ అక్షరాలు 1200, 2200 హెర్ట్జ్ అనే రెండు స్వరాలుగా మారి, సెకనుకు 1200 బిట్ల వేగంతో పోతాయి.

నాలుగే తీగలైనా తకరారు వచ్చేది అక్కడే. మైక్‌కు కావలసింది కొన్ని మిల్లీవోల్టులే. ఎక్కువ ఇస్తే శబ్దం చీలిపోయి అవతల ఒక్క పొట్లం కూడా అర్థం కాదు. చేతి రేడియోలు కొన్నిటిలో మైక్‌కూ బొత్తానికీ తీగ ఒకటే. అక్కడ మధ్యలో రెసిస్టర్, కెపాసిటర్ పెట్టి రెండు పనులనూ విడదీయాలి. బొత్తం నొక్కగానే రేడియో పూర్తిగా మేలుకోదు, అందుకని పెట్టెను కాస్త ఆగమని చెప్పాలి. టీఎక్స్‌డిలే అనే సంఖ్య 30 పెడితే 300 మిల్లీసెకన్లు ఆగుతుంది. తొందరపడితే పొట్లం తల తెగిపోతుంది.

ఇదంతా మనకెందుకు అంటారా? 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు హైదరాబాదులోని జాతీయ హామ్ రేడియో సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ గారి బృందం పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది. హామ్ యాత్రకని పోయినవాళ్లు ఆ రేడియోలతోనే దీవుల కబుర్లు బయటికి చేర్చారు. గొంతు విలువ అంత గొప్పది. కానీ వంద పేర్ల జాబితాను గొంతుతో పంపి చూడండి. రామయ్య రంగయ్య అవుతాడు, ఇంటిపేరు ఎగిరిపోతుంది. ఊరిగాని ఊళ్లో మన పేర్లను జనం ఎట్లా పలుకుతారో మనకు వేరే చెప్పాలా? కన్నబిడ్డ బతికున్నాడా అని కాచుకున్న తల్లికి ఒక్క అక్షరం తేడా వచ్చినా ఎంత తేడా! పొట్లంలో పోయిన పేరు మాత్రం ఇక్కడ ఎట్లా కొడితే అక్కడ అట్లే దిగుతుంది.

ఇప్పుడు ఆ పెట్టె పని కంప్యూటర్‌లోని సౌండ్ కార్డు చేస్తున్నది. 2015 సెప్టెంబరులో శ్రీహరికోట నుంచి ఎగిరిన ఇండోనేషియా ఉపగ్రహం లాపాన్-ఏ2లో ఇటువంటి పొట్లాలను అందుకుని తిరిగి పంపే యంత్రం ఉంది. పెట్టె పోయినా ఆ నాలుగు తీగల పని పోలేదు.

అందుకే సంఘానికి మా మనవి ఒకటి. ఏటా పిల్లలకు బహుమతులిస్తున్నాం, సంతోషమే. దాంతోపాటు ఇష్టమున్న నలుగురు పిల్లలను హామ్ పరీక్షకు తయారుచేద్దాం. లైసెన్సు వచ్చేదాకా ప్రసారం చేయరాదు, కానీ సోల్డరింగ్ నేర్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. తుఫాను తీరంలో ఉంటున్నాం. సెల్ టవర్ పడిపోయిన రోజున మన వీధిలో ఎవరు క్షేమమో సరైన పేర్లతో చెప్పగల పిల్ల ఒకతె ఉంటే చాలు.