కాటుక రేకుల పొడ

కట్లపాముల జాతికి శాస్త్రీయనామం బుంగారస్. ఇందులో లాటినేమీ లేదు, అది మన 'బంగారం'! పసుపు నలుపు పట్టీలుండే ఒక కట్లపామును ఉత్తరాంధ్ర జనం బంగారు పాము అనేవాళ్ళు. ఆ మాటను ఒక స్కాట్లండ్ డాక్టరు పుస్తకంలోకి ఎక్కిస్తే, 1803లో దోదాన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దానికి తోక తగిలించి జాతి మొత్తానికీ పెట్టేశాడు.

ఆ డాక్టరు పాట్రిక్ రస్సెల్. అంతకుముందు సిరియాలోని అలెప్పోలో ఏళ్ళ తరబడి వైద్యం చేసి, అక్కడి ప్లేగును దగ్గరుండి చూసినవాడు. తమ్ముడు క్లాడ్‌కి విశాఖపట్నంలో కంపెనీ ఉద్యోగం వస్తే 1781లో తోడుగా వచ్చాడు. అప్పటికి యాభై దాటింది. మనలో చాలామంది ఆ వయసుకి రిటైర్మెంటు లెక్కలేసుకుంటారు, ఈయన పాములు పట్టుకున్నాడు :-) 1785లో ఈస్టిండియా కంపెనీ ఆయన్ని తన ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా నియమించింది.

ఆయనకి పట్టుకున్న సమస్య ఒక్కటే. కరిచింది విషప్పామా, కాదా? మందు ఎలాగూ లేదు, కనీసం ఇదైనా తెలియాలి. దొరికిన పామునల్లా కోరలు చూశాడు, పొలుసులు లెక్కపెట్టాడు. కుక్కల్నీ, కోళ్ళనీ కరిపించి ఏమవుతోందో రాసుకున్నాడు (ఇప్పుడైతే ఒప్పుకోరు, చదువుతుంటే నాకూ కష్టంగానే ఉంటుంది). అప్పట్లో పాముకాటుకి తిరుగులేని మందుగా చెప్పుకునే తంజావూరు మాత్రని పరీక్షిస్తే అందులో ముఖ్యమైన సరుకు పాషాణమని తేలింది. విషానికి విరుగుడుగా ఇంకో విషమన్నమాట. 1787లో విషసర్పాల మీద ఆయన రాసిన చిన్న వివరణని మద్రాసు ప్రభుత్వమే అచ్చేయించింది. 1789లో ఆయన ఇంగ్లండు వెళ్ళిపోయాడు. 1796లో కోరమాండల్ తీరపు పాముల మీద రంగు బొమ్మలతో పెద్ద పుస్తకం వచ్చింది. రెండో సంపుటం 1801 నుంచి భాగాలుగా వస్తూ, 1805లో ఆయన పోయాక 1809కి గానీ పూర్తి కాలేదు.

నాకు నచ్చేది ఆయన పేర్లు రాసుకున్న పద్ధతి. సొంతంగా పేర్లు పెట్టేయకుండా స్థానికులు ఏమంటారో అదే రాశాడు. ఆర్టీఎస్ లేని కాలం కదా, చెవికి ఎలా వినిపిస్తే అలా. కొండచిలువకి పెద్దపొడ. ఇంకో పాముకి కాటుక రేకుల పొడ. పొడ అంటే మచ్చ. కాటుకతో రేకులు దిద్దినట్టుంటుందని కాబోలు, ఎంత చక్కని పేరు! తాచు తర్వాత అంత ప్రమాదకరమైనది ఇదేనని ఆయన తేల్చాడు.

1797లో ఆ పాముకి శాస్త్రీయనామం పెట్టినవాళ్ళు రస్సెల్ పేరు పెట్టారు. ఆయన అడిగి పెట్టించుకున్నది కాదు. కానీ పేరు చెప్పిన జనం సంగతి? కోడు రాసినవాడొకడు, రిలీజ్ నోట్సులో పేరొకడిది అన్నట్టుంటుంది నాకు. బంగారు పాము తన పేరుతోనే లోకమంతా తిరిగింది, కాటుక రేకుల పొడ మాత్రం రస్సెల్స్ వైపర్ అయిపోయింది. మనకి కూడా ఆ పాత పేరు గుర్తులేదు, రక్తపింజరి అంటేనే తెలుస్తుంది.

రస్సెల్ పనిచేసింది కోస్తాలో. అయితే ఈ పాముకి జిల్లాల హద్దుల్లేవు, మా తెలకపల్లి వైపు చేలల్లో పనిచేసే వాళ్ళకీ దీని భయం ఉంది. 2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా. అంటే ఏటా 58 వేల మంది. ఎక్కువమంది పల్లెల వాళ్ళే. కాట్లలో అన్నిటికంటే ఎక్కువ వాటా రక్తపింజరిదే.

అన్నట్టు, రస్సెల్ తలబద్దలు కొట్టుకున్న ప్రశ్న ఇప్పుడు ఆస్పత్రికి అంత అవసరం లేదు. తాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ ఒకే సూదిమందు పనిచేస్తుంది. ఊళ్ళలో ఇంకా పాముని వెతికి చంపి, సంచిలో వేసుకుని తీసుకెళ్తుంటారు. ఆ వెతుకులాటలో పోయేది కరిపించుకున్న మనిషి టైమే. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఇది ఒక్కసారి చెప్పండి.

ఈ పాము విషానికి రక్తాన్ని గడ్డకట్టించే గుణం ఉంది. ల్యాబుల్లో దాన్ని పలచన చేసి లూపస్ యాంటీకోయాగ్యులెంట్ పరీక్షకి వాడతారు. ఎప్పుడైనా రిపోర్టులో డీఆర్‌వీవీటీ అని కనిపిస్తే, అందులో ఆర్వీ అంటే రస్సెల్స్ వైపర్, మన కాటుక రేకుల పొడే.