తాత ఊరి పేరు ఎక్కడ రాసి ఉంది? నాటాల్ రిజిస్టర్ నుంచి పెద్దపల్లి దాకా

మొన్న ఒక మెసేజ్ వచ్చింది. భివండీలో పుట్టి పెరిగిన తమ్ముడు పంపిండు. "అన్నా, మాది పెద్దపల్లి దిక్కు అని ఇంట్లో అంటరు. ఏ ఊరో తాతకే తెలుసు. తాత పోయిండు. ఇప్పుడు ఎట్ల కనుక్కోవాలె?" అని అడిగిండు.

అది చదవంగనే నాకు ఒక విచిత్రం అనిపించింది. 1860ల్లో సముద్రం దాటి ఆఫ్రికాకు పోయిన తెలుగు కూలీది ఏ ఊరో ఇయ్యాల ఫోన్‌లో వెతికి పట్టుకోవచ్చు. కానీ రైలెక్కి పక్క రాష్ట్రానికి పోయిన మన నేతన్న ఊరి పేరు రెండు తరాలకే పోయింది. ఎందుకిట్ల? ఇయ్యాలటి ఎపిసోడ్ ఇదే.

ముందు సముద్రం దాటినోళ్ల కథ చూద్దాం.

1834లో బ్రిటిషోళ్లు తమ వలస రాజ్యాల్లో బానిసత్వాన్ని రద్దు చేశారు. చెరకు తోటలకు కూలీలు కావాలి. అప్పుడు ఇండియా మీద పడ్డారు. ఐదేళ్ల అగ్రిమెంట్ రాయించుకుని ఓడ ఎక్కించారు. మన జనం నోట్లో ఆ అగ్రిమెంట్ "గిర్మిట్" అయింది, పోయినోళ్లు "గిర్మిటియాలు" అయ్యారు. మారిషస్‌కు సుమారు నాలుగున్నర లక్షల మంది వెళ్లారు. ఫిజీకి 1879 నుంచి 1916 వరకు 60 వేల మందికి పైగా వెళ్లారు. దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు 1860 నుంచి 1911 వరకు లక్షా 52 వేల మందికి పైగా వెళ్లారు. నాటాల్‌కు మొదటి ఓడ పేరు ట్రూరో. మద్రాసులో బయలుదేరి 1860 నవంబర్ 16న డర్బన్ చేరింది. నాటాల్ పోయినవాళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవు నుంచే ఎక్కారు. అందులో విశాఖపట్నం, గంజాం, గోదావరి, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగోళ్లు చాలామంది ఉన్నారు.

అసలు సంగతి ఇప్పుడు వస్తది. ఓడ ఎక్కిన ప్రతి మనిషికీ రిజిస్టర్‌లో ఒక వరుస ఉంటది. కలోనియల్ నంబర్, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీది మచ్చలు, ఓడ పేరు, తేదీ. మన బీటెక్ భాషలో చెప్పాలంటే కలోనియల్ నంబర్ అనేది ప్రైమరీ కీ. పేరు తప్పు పడొచ్చు, నంబర్ మాత్రం మారదు. అక్కడ పుట్టిన మనవళ్లు పాత డెత్ సర్టిఫికెట్ మీదనో, పెళ్లి సర్టిఫికెట్ మీదనో ఆ నంబర్ పట్టుకుంటారు. దాన్ని డర్బన్ ఓడల లిస్టులో వెతుకుతారు. ఊరు బయటపడుతుంది. మారిషస్‌లో ఈ రికార్డులు మోకా అనే ఊళ్లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. కొందరి ఫొటోలు కూడా ఉన్నాయి.

నటాచా అప్పన్నా అని ఫ్రెంచ్‌లో రాసే పేరున్న రచయిత్రి ఉన్నారు. మారిషస్‌లో పుట్టారు. ఆమె పూర్వీకులు 1872లో ఓడ దిగిన కూలీలు. వాళ్ల కథనే 2023లో పుస్తకంగా రాశారు. ఆ ఇంటిపేరు చూడండి, అప్పన్నా! సింహాచలం అప్పన్న పేరు పెట్టుకునేది ఎక్కడ? ఉత్తరాంధ్రలో. దక్షిణాఫ్రికాలో "అప్పలసామి" అనేది ఇప్పుడు ఇంటిపేరు. ఒకప్పుడు అది ఒక మనిషి పేరు. తెలుగు రాయడం రాకున్నా, ముత్తాత ఏ దిక్కు నుంచి వచ్చిండో ఆ పేరే చెప్తది.

అట్లని ఇది గూగుల్ చేసినంత ఈజీ కాదు. మొదటి తంటా స్పెల్లింగ్. కూలీ చెప్పిన ఊరి పేరును గుమాస్తా తన చెవికి వినిపించినట్టు ఇంగ్లీషులో రాసుకున్నాడు. మన "ళ", "ణ" అక్షరాలు ఆ రాతలో మాయం. రెండో తంటా జిల్లా. రిజిస్టర్‌లో "గంజాం" అని ఉంటే ఆ మనిషి ఒడిశా వాడని అనుకోవద్దు. గంజాం 1936లో ఒడిశాకు పోయింది. అంతకు ముందు శ్రీకాకుళం అందులోనే ఉండేది. శ్రీకాకుళం జిల్లా అయింది 1950లో, విజయనగరం జిల్లా అయింది 1979లో. అంటే పాత జిల్లా పేరు పట్టుకుని కొత్త మ్యాప్‌లో వెతికితే ఊరు దొరకదు.

ఇంత కష్టం ఎందుకంటారా? దీంట్లో సెంటిమెంట్ ఒక్కటే లేదు. 2024 మార్చిలో మన రాష్ట్రపతి మారిషస్ వెళ్లినప్పుడు, అక్కడి భారత సంతతి వాళ్లకు ఏడో తరం వరకు ఓసీఐ కార్డు ఇచ్చేలా స్పెషల్ రూల్ ప్రకటించారు. ఏడో తరం అంటే ఇంట్లో చెప్పే మాటలు సరిపోవు. కాగితం కావాలి.

ఇప్పుడు మన దిక్కు వద్దాం. "బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి" అన్న మాట పెద్దపల్లి, కరీంనగర్ వాళ్లకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ముంబైలో కామాటిపురా అనే పేరు ఎట్ల వచ్చిందో తెలుసా? నిజాం రాజ్యం నుంచి కట్టడాల పనికి పోయిన తెలుగు కూలీలను అక్కడ కామాటీలు అన్నారు. వాళ్లు ఉన్న వాడ కామాటిపురా అయింది. అంత పాతది మన వలస. తర్వాత సోలాపూర్, భివండీ మగ్గాలకు పద్మశాలీ కుటుంబాలు కుప్పలు కుప్పలుగా పోయినయి. మరి వాళ్ల రిజిస్టర్ ఏది? లేదు. బొంబాయి పోవడానికి ఎవరూ నంబర్ ఇయ్యలేదు, ఊరు అడగలేదు.

నాటాల్‌లో గుమాస్తా ఊరి పేరు ప్రేమతో రాయలేదు. ఐదేళ్లకు కొన్న సరుకు లెక్క తప్పొద్దని రాసిండు, పారిపోతే పట్టుకోవాలని ఒంటి మీది మచ్చ కూడా రాసిండు. మనోళ్లు స్వేచ్ఛగా పోయిన్రు కాబట్టి కాగితం లేదు.

నిజాం కాలం కాగితాల్లో వెతికినా మన జిల్లా కనపడదు. 1905 దాకా జిల్లా పేరు ఎలగందుల. తర్వాత కరీంనగర్. పెద్దపల్లి జిల్లా అయింది 2016 అక్టోబర్ 11న. పాత రికార్డులు ఎక్కువ ఉర్దూలో ఉంటయి. భూముల కోసం 1954-55 కాస్రా పహాణీ ఉంది, అందులో ఊరి వారీగా పట్టాదార్ల పేర్లు ఉంటయి. కానీ భూమి ఉన్నోళ్ల పేర్లే. వలస పోయింది ఎక్కువగా భూమి లేనోళ్లు.

అట్లయితే మనకు రికార్డే లేదా? ఉండె. కాగితం మీద కాదు, మనుషుల నోట్లో. పిచ్చుకుంట్లవాళ్లు రెడ్ల, కాపుల ఇండ్లకు వచ్చి గోత్రం, వంశం పాడేవాళ్లు. ఇప్పుడు వాళ్లను వంశరాజ్ అంటున్నరు. పద్మశాలీలకు కూనపులివాళ్లు బొమ్మల పటం పట్టుకుని కులపురాణం చెప్పేవాళ్లు. గొల్లలకు మందెచ్చులు. ఇట్ల చాలా కులాలకు ఒక ఆశ్రిత కులం నడిచే లైబ్రరీ లెక్క ఉండేది. ఇప్పుడు వాళ్ల పిల్లలు కూడా హైదరాబాద్‌లో ఏదో పని చూసుకుంటున్నరు. తప్పేం లేదు, అడుక్కుంటూ తిరగమని ఎవరంటం?

చైనా వాళ్లు ఇదే పని కాగితం మీద చేశారు. వంశవృక్షం పుస్తకాన్ని వాళ్లు జూపూ అంటారు. గ్వాంగ్‌డాంగ్ నుంచి అమెరికా పోయినవాళ్ల పాత సమాధి రాళ్ల మీద చైనా అక్షరాల్లో పేరుతో పాటు సొంత ఊరి పేరు కూడా చెక్కి ఉంటది. చైనా భాష రాని మునిమనవడు ఆ రాయిని ఫొటో తీసుకుని ఆ ఊరికి పోతాడు, అక్కడి జూపూలో తాత పేరు చూసుకుంటాడు. అయితే ఒక లోపం ఉంది. చాలా జూపూల్లో కూతుళ్ల పేర్లు రాయలేదు. ఆ కూలీ రిజిస్టర్‌లో మాత్రం ప్రతి ఆడమనిషికీ సొంత నంబర్ ఉంది, సొంత వరుస ఉంది.

ఇక తమ్ముడికి నా జవాబు. ఊరి పేరు పోయినా దాని చుట్టూ ఉన్నవి ఇంకా ఉండొచ్చు. నాయనమ్మనో, పెద్దమ్మనో అడుగు: మన ఇంటిపేరు, గోత్రం ఏంది? పుట్టువెంట్రుకలు ఎక్కడ తీసేవాళ్లు? ఓదెల మల్లన్న దగ్గర అంటే వెతకాల్సిన జాగా బాగా తగ్గిపోతది. అంగడికి ఏ ఊరికి పోయేవాళ్లు? నాయనమ్మ తల్లిగారి ఊరు ఏది? భివండీలో మీ ఇంటిపేరు వాళ్లు ఇంకెవరు, వాళ్ల ఊరేది? పాత పెండ్లి పత్రికలు తీయి, కింద బంధువుల ఊర్లు ఉంటయి.

ఒకటి మాత్రం ముందే చెప్తున్న. ఊరి పేరు దొరికినా ఊరు అక్కడ లేకపోవచ్చు. మన జిల్లాలో ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్ల కింద, సింగరేణి ఓపెన్‌కాస్టుల కింద పోయిన ఊళ్లున్నయి. అప్పుడు ఆ ఊరు మిగిలేది చెప్పే మనిషి నోట్లోనే.

అందుకే ఈ వీడియో చూసినంక ఒక పని చేయండి. ఇంట్లో పెద్ద మనిషి పక్కన కూర్చుని ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేయండి. ఊరు, వాడ, ఇంటిపేరు, ముత్తాత పేరు, ముత్తవ్వ పేరు, ఆమె పుట్టిన ఊరు. పది నిమిషాలు చాలు. నాటాల్ గుమాస్తా తెలియని కూలీ కోసం రాసింది, మనం సొంత తాత కోసం రాయలేమా?

తమ్ముడూ, ఓదెలనో ఇంకోటో, ఏం తెలిసినా మళ్లీ మెసేజ్ పెట్టు. ఇద్దరం కలిసి వెతుకుదాం. ఉంటా మరి.