.30-06 స్ప్రింగ్‌ఫీల్డ్ తూటా

.30-06 స్ప్రింగ్‌ఫీల్డ్ అమెరికా సైన్యం 1906లో స్వీకరించిన రైఫిల్ తూటా. ఉత్తర అమెరికాలో జింక, ఎల్క్ వేటకు విస్తృతంగా వాడతారు. 1903 నాటి .30-03 తూటా మెడను కురచ చేసి, తేలికైన మొనదేలిన గుండు అమర్చగా ఇది రూపొందింది. గుండు వ్యాసం 7.82 మి.మీ., ఇత్తడి తొడుగు పొడవు సుమారు 63 మి.మీ.

జింకకు 150 గ్రెయిన్ల (9.7 గ్రా.) గుండు సరిపోతుంది. దట్టమైన కండ, బలమైన ఎముకలున్న ఎల్క్‌కు ఎక్కువగా 180 గ్రెయిన్ల (11.7 గ్రా.) గుండును ఎంచుకుంటారు, అది సెకనుకు దాదాపు 820 మీటర్ల వేగంతో గొట్టం దాటుతుంది. తగలగానే గుండు పుట్టగొడుగులా విచ్చుకోవాలి, అయినా ముక్కలవకుండా ఊపిరితిత్తుల దాకా చొచ్చుకుపోవాలి. జాన్ నోస్లర్ రూపొందించిన పార్టిషన్ గుండులో రెండు సీసపు భాగాల మధ్య అడ్డుగోడ ఉంటుంది. ముందుభాగం విచ్చుకున్నా వెనుకభాగం చెదరదు.

కాలిఫోర్నియా 2019 జులై 1 నుంచి వేటలో సీసపు గుండ్లను పూర్తిగా నిషేధించింది. అక్కడ రాగి గుండ్లు వాడతారు.