సముద్రం కట్టిన మేడలు

ఇబ్రాలో నిలబడితే సముద్రం కనిపించదు. ఒమాన్‌లో మస్కట్ నుంచి సూర్ వెళ్లే దారిలో, బోడికొండల నడుమ, ఖర్జూర తోటలను ఆనుకుని ఉన్న ఊరు అది. అయినా అక్కడి పాత మేడలను కట్టింది సముద్రమే. పాడుపెట్టిందీ సముద్రమే.

అల్ మునిసిఫా అనే పాతపేటలో సన్నని వీధికి ఇరువైపులా అంతస్తుల ఇళ్లు. కమానులు నిలిచే ఉన్నాయి, పైకప్పులు లేవు. నాతో వచ్చిన డ్రైవర్ తమ్ముడు, జగిత్యాల వైపువాడు, ఒక ఇంటి గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. కప్పులేని ఇంటికీ గడప గడపే.

లోపల ఖర్జూరపు దూలం ఒకటి నడిమికి విరిగింది. ఒక కొస గోడను పట్టుకుని ఉంది, ఇంకో కొస మట్టికుప్పలో దిగబడింది. గచ్చు పెచ్చులూడిన చోట పచ్చి ఇటుక బయటపడింది. గోడకు వరసగా గూళ్లు. అందులో ఒక గూటి పైభాగం మసిబారి ఉంది. వేలితో రాస్తే అంటలేదు. ఎన్ని సాయంత్రాల దీపమో, గోడలోకే ఇంకిపోయింది.

1650లో ఒమానీలు పోర్చుగీసువారిని మస్కట్ కోటల నుంచి వెళ్లగొట్టారు. 1698లో మొంబాసాలోని ఫోర్ట్ జీసస్‌నూ గెలుచుకున్నారు. అక్కడి నుంచి తూర్పు ఆఫ్రికా వారి పెరడైంది. ఈశాన్యపు గాలికి తెరచాప ఎత్తి జాంజిబార్ వెళ్లడం, నైరుతి గాలికి తిరిగి రావడం. 1840 ప్రాంతంలో సుల్తాన్ సయ్యిద్ సయీద్ తన కొలువునే జాంజిబార్‌కు మార్చాడు. ఇబ్రా ప్రాంతపు హార్తీ తెగవారు అక్కడ వర్తకులయ్యారు, తోటలు సంపాదించారు. లవంగాల సొమ్ము, ఏనుగు దంతాల సొమ్ము ఇక్కడ మేడలై లేచింది.

ఆ ఓడల్లో మనుషులూ సరుకే. లవంగాల తోటల్లో వంగిన నడుములు బానిసలవి. ఆ మాట దాచి ఈ గోడల కోసం ఏడిస్తే ఆ ఏడుపుకు విలువ ఉండదు. ఈ దుఃఖంలో మొదటి వాటా వాళ్లది.

1856లో సయీద్ ఓడమీదే కన్నుమూశాడు. కొడుకులు తగువుపడ్డారు. తీర్పు మన దేశాన్ని ఏలుతున్న గవర్నర్ జనరల్ కానింగ్ నుంచి వచ్చింది. 1861లో ఆయన రాజ్యాన్ని రెండుగా చీల్చి, జాంజిబార్ ఏటా 40,000 క్రౌన్లు మస్కట్‌కు కట్టాలన్నాడు. ఆవిరి ఓడలు తెరచాపల బతుకు తీశాయి. 1873లో జాంజిబార్ బానిసల సంత మూతపడింది. ఆ మూత పడవలసిందే. 1964 జనవరి 12న అక్కడ విప్లవం లేచింది. వేలమంది అరబ్బులు హతమయ్యారు, ఎందరో కట్టుబట్టలతో పారిపోయారు.

1970 తర్వాత చాలామంది స్వాహిలీ మాట్లాడుకుంటూ ఒమాన్ తిరిగి వచ్చారు. ఇబ్రాలో కొత్త ఇళ్లు లేచాయి, మట్టిమేడలు మాత్రం వెనకబడిపోయాయి. మట్టిగోడకు మనిషి చెయ్యి తగులుతూ ఉండాలి. పూత ఆగిన గోడను ఫిరంగులు కూల్చనక్కర్లేదు, నాలుగు వానలు చాలు.

తమ్ముడు చాలాసేపు ఆ మసిగూటి దగ్గరే నిలబడ్డాడు.

“ఊళ్లె నేను గూడ రెండంతస్తులు కట్టిన్నన్నా. పైకి ఎవ్వలు ఎక్కరు. అమ్మొక్కతే కింద ఉంటది. పొద్దుగూకంగనే దీపం ముట్టిస్తది.”

ఏం చెప్పను? కడలి దాటి వచ్చిన సొమ్ముతో ఇల్లు కట్టినవాడు, ఆ ఇంట్లో కూర్చునే రోజు కోసం ఎదురుచూస్తూనే ఉంటాడు. ఇల్లూ అతని కోసం ఎదురుచూస్తుంది. ఇద్దరిలో ముందు అలిసిపోయేది ఇల్లే.

బయటికి వచ్చి, గడప దగ్గర దుమ్ము దులుపుకుని చెప్పులు తొడుక్కున్నాడు. కారెక్కగానే వాళ్లమ్మకు ఫోన్ చేశాడు.