అడిక్‌మెట్ చుట్టుపక్కల గ్రంథాలయాలు: పుస్తకాలు పంచుకున్న చరిత్ర

హైదరాబాదు రాజ్యంలో తెలుగు గ్రంథాలయాలు ఒకదాన్ని చూసి మరొకటి పుట్టాయి. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదు నగరంలో రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు దానికి అండగా నిలిచారు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, మరుసటి ఏడాది సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయం వెలిశాయి. దేని కమిటీ దానిదే, దేని చందాలు దానివే. కానీ లోటు మాత్రం అన్నిటికీ ఒక్కటే: చదివించడానికి తెలుగులో కొత్త విజ్ఞాన గ్రంథాలు లేవు. కొమర్రాజు, ఆయన మిత్రులు 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించి, చరిత్ర, విజ్ఞాన శాస్త్రం, జీవిత చరిత్రలు అచ్చువేసి చందాదారులకు పంపసాగారు. ఏ ఒక్క గ్రంథాలయమూ తనంతట తాను తెప్పించుకోలేని పుస్తకాలు అన్నిటికీ అందే దారి అలా ఏర్పడింది.

నిజాం రాజ్యంలో సభ పెట్టాలంటే అనుమతి కావలసి వచ్చేది. అలాంటి కాలంలో పఠన మందిరమే ఊరి జనం కలుసుకునే చోటు అయింది. 1921లో ఏర్పడిన ఆంధ్ర జనసంఘం గ్రంథాలయ స్థాపనను తన ముఖ్య కార్యక్రమాల్లో చేర్చుకుంది. కోస్తాలో అప్పటికే, 1914లో, బెజవాడ సభ గ్రంథాలయాలను ఒక సంఘంగా కూర్చింది. అయ్యంకి వెంకటరమణయ్య అందుకు జీవితమంతా ధారపోశారు. పాతూరి నాగభూషణం 1935లో పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపించారు. సొంత గ్రంథాలయం లేని ఊళ్లకు పుస్తకాలు అలా రేవు రేవునా అందాయి.

చట్టాలు వచ్చాక ఈ పంపకం రెండు పాయలైంది. 1948 మద్రాసు చట్టం, 1955 హైదరాబాదు చట్టం, రెంటినీ కలిపిన 1960 ఆంధ్రప్రదేశ్ చట్టం ఇంటిపన్ను మీద గ్రంథాలయ సుంకం విధించాయి. ఇప్పుడది పన్ను రూపాయికి 8 పైసలు. హైదరాబాదులో అశోక్‌నగర్, చిక్కడపల్లి ప్రాంతంలోని నగర కేంద్ర గ్రంథాలయం నగర గ్రంథాలయ సంస్థ కిందికి వస్తుంది కాబట్టి దానికి శాఖలున్నాయి, సిబ్బంది ఉన్నారు. స్వతంత్ర గ్రంథాలయాలకు ఆ గొలుసు లేదు. అరుదైన పాత పత్రికలు మాత్రం తరచుగా వాటి బీరువాల్లోనే మిగిలాయి. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం అందుకు పేరుపొందిన ఉదాహరణ.

అడిక్‌మెట్‌కు పొరుగునే ఉన్న బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం కథ వేరు. 1985లో మరణించిన కమ్యూనిస్టు నేత పుచ్చలపల్లి సుందరయ్య స్మారకంగా ఏర్పడిన ఆ సంస్థకు అబ్దుల్ సమద్ ఖాన్ దశాబ్దాలపాటు కూడబెట్టిన ఉర్దూ పుస్తకాలు, పత్రికలు చేరాయి. చికాగో విశ్వవిద్యాలయం చొరవతో కొన్ని అమెరికన్ గ్రంథాలయాలు ఆ భాండారాన్ని కాపాడే బాధ్యతలో పాలుపంచుకున్నాయి. రోజా ముత్తయ్య సేకరించిన తమిళ పుస్తకాల విషయంలో చెన్నైలో 1994 నుంచి అనుసరించిన పద్ధతే ఇక్కడికీ వచ్చింది: అసలు పుస్తకం పుట్టిన ఊళ్లోనే ఉండాలి, మైక్రోఫిల్మ్ ప్రతులే ప్రయాణం చేయాలి. వలస పాలనలో తాళపత్రాలు, చేతిరాతలు ఓడలెక్కి లండన్ చేరిన చరిత్ర తెలిసినవారికి ఈ షరతు విలువ ఎంతటిదో చెప్పనక్కరలేదు.

ప్రతి తీసి పెట్టుకోవడం ఎంత అత్యవసరమో 2000 ఆగస్టు 24 చూపించింది. ఒక్క రోజులో కురిసిన 24 సెంటీమీటర్ల వానకు హుస్సేన్‌సాగర్ నాలా పొంగి అశోక్‌నగర్, బాగ్‌లింగంపల్లి ప్రాంతాలను ముంచింది. సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోని ఉర్దూ పుస్తకాలు నీట మునిగాయి. వాటిని కాపాడే ప్రయత్నానికి విదేశీ భాగస్వాములూ చేయి కలిపారు. మైక్రోఫిల్మ్‌లోకి ఎక్కిన పుస్తకం మునిగినా దానిలోని మాట మిగులుతుంది. ఎక్కనిదానికి ఆ భరోసా లేదు.

తరువాత డిజిటల్ ప్రతులు వచ్చాయి. కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి చొరవతో పుస్తకాలను స్కాన్ చేయడానికి సాగిన మిలియన్ బుక్ ప్రాజెక్టుకు అనుబంధంగా నడిచిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో ఎన్నో తెలుగు పుస్తకాల వివరాల దగ్గర చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం పేరే కనిపిస్తుంది. ఆ స్కానింగులో పేజీలు జారిపోయాయి, రోమన్ లిపిలో పేర్లు తప్పుల తడకయ్యాయి. అయినా మేలే ఎక్కువ జరిగింది. ఆ వెబ్‌సైటు ఆగిపోయినప్పుడు పుస్తకాలు అంతరించకపోవడానికి కారణం, అవి అప్పటికే ఇంటర్నెట్ ఆర్కైవ్‌కూ చేరి ఉండడం. తెలుగు వికీసోర్సులో పాత పుస్తకాలను టైపు చేస్తున్నవారికి ఆ స్కాన్లే ఆధారమయ్యాయి.

ఈ పంపకానికి చట్టం గీసిన హద్దు ఒకటుంది. రచయిత మరణించిన మరుసటి సంవత్సరం నుంచి లెక్కించి 60 ఏళ్ల వరకు కాపీహక్కు ఉంటుంది. 1923లో మరణించిన కొమర్రాజు సొంత రచనలను ఎవరైనా స్కాన్ చేసి అందరికీ పంచవచ్చు. ఇటీవలి రచయితల పుస్తకాల స్కాన్లను మాత్రం హక్కుదారుల అనుమతి లేకుండా అలా పంచడానికి వీల్లేదు. వాటిని గ్రంథాలయానికి వెళ్లి చదువుకోవాలి, లేదా అరువు తెచ్చుకోవాలి.