మెదడులోని దుంపలు

పారిస్ నగరమందలి సాల్పెట్రియేర్ వైద్యశాలలో 15 ఏండ్ల బాలిక యొకతె మరణించెను. శైశవమునుండి ఆమెకు మూర్ఛలు, బుద్ధి వికసింపలేదు, ముక్కుమీద, బుగ్గలమీద పొక్కులు. శవపరీక్ష చేసిన బూర్నెవిల్ అను వైద్యుడు మెదడు మడతలలో అక్కడక్కడ గట్టి ముద్దలను చూచెను. అవి దుంపలను పోలియుండుటచే 1880 లో వ్యాధికి ఆ పేరే పెట్టెను. నేటి ట్యూబరస్ స్క్లెరోసిస్ ఇదియే. మూర్ఛలకు మూలము ఈ ముద్దలేయని ఆయన సరిగానే గ్రహించెను. పొక్కులను మాత్రము వేరొక చర్మవ్యాధిగా ఎంచెను.

1908 లో జర్మను వైద్యుడు ఫోగ్ట్ మూర్ఛ, మందబుద్ధి, ముఖముమీది పొక్కులు అను మూడింటిని వ్యాధి గుర్తులుగా చెప్పెను. గుర్తుంచుకొనుటకు సులువగుటచే ఈ సూత్రము డెబ్బది యేండ్లు నిలిచినది. పిల్లలకు దీనివలన చేటే కలిగినది. మూడును లేని బిడ్డకు వ్యాధి యున్నట్లే తెలియదు; తెలిసిన బిడ్డకు చదువు రాదని ముందే తీర్పు! 1979 లో మేయో క్లినిక్ వైద్యుడు గోమెజ్ తన రోగులను లెక్కించి చూడగా, మూడు గుర్తులును గలవారు మూడవవంతైన లేరు. చక్కని తెలివిగలవారు అనేకులు.

1993, 1997 లలో ఈ వ్యాధికి కారణమగు రెండు జన్యువులు దొరకినవి. వీనిలో ఏది చెడినను కణముల పెరుగుదలకు పగ్గము తెగును. ఆ పగ్గమునకు బదులు పనిచేయు మందు ఎక్కడిదో చూడుడు: 1964 లో బయలుదేరిన కెనడా బృందము ఈస్టర్ ద్వీపమునుండి తెచ్చిన మట్టిలోని సూక్ష్మజీవి దానికి మూలము. దానినుండి రాపమైసిన్‌ను వేరుచేసినవారిలో కాశీ హిందూ విశ్వవిద్యాలయమున చదివిన సురేంద్రనాథ్ సెహగల్ ఒకరు. దాని రూపాంతరమగు ఎవరోలిమస్‌ను అమెరికాలో శస్త్రచికిత్సకు లొంగని మెదడు కంతులకు 2010 లోను, మూర్ఛలకు 2018 లోను అనుమతించిరి. మందు మానినచో కంతి తరచు మరల పెరుగును.