జంట ట్రేసుల కింద ఏముంది?

సర్క్యూట్ బోర్డులు గీసే కీక్యాడ్ తెరిచి ఉంది. ఎడమ అంచున యూఎస్‌బీ-సీ కనెక్టరు, కుడివైపు మైక్రోకంట్రోలరు. ఏ ప్యాడ్ దేనితో కలవాలో చూపే సన్నటి గీతలు వాటి మధ్య వేలాడుతున్నాయి. బోర్డు నాలుగు పొరలది. పైపొర రాగికీ దాని కిందున్న గ్రౌండ్ పొరకీ మధ్య దూరం 0.21 మి.మీ. ఆ లెక్కన డేటా జంటలో ఒక్కో ట్రేసు వెడల్పు 0.25 మి.మీ., రెండింటి మధ్య సందు 0.15 మి.మీ. అని తేలింది. యూఎస్‌బీ 2.0 అడిగే 90 ఓమ్‌ల ఇంపీడెన్సుకు ఇది సరిపోతుంది. 15 శాతం అటూఇటూ అయినా పరవాలేదు.

అప్పుడే ట్రేసు మొదలుపెట్టకు. కనెక్టరు మీదికి జూమ్ చెయ్యి. ప్లగ్ ఎటు తిప్పి గుచ్చినా పనిచెయ్యాలి కదా, అందుకని డీ ప్లస్ ప్యాడ్లు రెండు, డీ మైనస్ ప్యాడ్లు రెండు. వరస చూడు: మైనస్, ప్లస్, మైనస్, ప్లస్. ఈ వరస పెట్టినాయన బోర్డులు గీసి ఎరుగడేమో! మైనస్‌లు రెంటినీ ముందువైపు నుంచి కలిపావా, నడుమనున్న ప్లస్ ఇరుక్కుపోతుంది. దాన్ని వెనకనుంచి, కనెక్టరు పొట్ట కిందుగా తిప్పి చివరి ప్లస్‌తో కలుపు. పొర మార్చే రంధ్రం, అంటే వయా, ఒక్కటి కూడా పడకుండా జంట బయటికొచ్చింది. పక్కనే ఈఎస్‌డీ డయోడ్. ట్రేసులు దాని ప్యాడ్ల మీదుగానే సాగాలి, కొమ్మ తీసి తగిలించకూడదు.

ఇప్పుడు ‘6’ నొక్కి లాగు. కాడి కట్టిన ఎడ్లలా రెండూ కలిసి కదులుతాయి. కెపాసిటరు అడ్డొచ్చింది. 45 డిగ్రీల మలుపు, వెంటనే అటే ఇంకోటి. వెలుపలి ట్రేసు 0.66 మి.మీ. పొడవెక్కింది.

పక్క కుర్చీలో కుర్రాడు ఆగలేడు. “అన్నా, పొడవు సమానమయ్యేలా లోపలిదానికి మెలికలు పెట్టేద్దామా?”

లెక్క వెయ్యి. పైపొర మీద సంకేతం ఒక మిల్లీమీటరు దాటడానికి సుమారు 6 పికోసెకన్లు. అంటే ఇక్కడ తేడా 4. సెకనుకు 480 మెగాబిట్ల వేగంలో ఒక్కో బిట్‌కి దక్కేది 2,083 పికోసెకన్లు. మెలికలెందుకు? పీసీఐ ఎక్స్‌ప్రెస్‌కి కావలసిన చాదస్తాన్ని ప్రతి బోర్డుకీ అంటించడం మనవాళ్లకి అలవాటైపోయింది.

పైపొర దాచేసి రెండో పొర చూడు. అసలు సంగతి అక్కడుంది. గ్రౌండ్ రాగిని చీల్చుకుంటూ 3.3 వోల్ట్‌ల ట్రేసు ఒకటి, సరిగ్గా జంట కిందుగా పోతోంది.

“నాదే అన్నా. పైన చోటు లేక కిందికి దించా. అయినా ప్లస్‌లో వెళ్లిన కరెంటు మైనస్‌లో తిరిగొస్తుందిగా, గ్రౌండ్‌తో పనేముంది?”

గ్రౌండ్ పొర లేని తీగల జంటలో అయితే ఆ మాట నిలబడుతుంది. ఇక్కడ ఒక్కో ట్రేసూ తన తిరుగు కరెంటులో ఎక్కువ భాగాన్ని కిందున్న రాగిలోనే నడుపుతుంది. చీలిక దగ్గర ఆ కరెంటు చుట్టూ తిరిగి రావాలి. అక్కడ ఇంపీడెన్సు ఎగబాకుతుంది. రెండు ట్రేసులూ చీలికను అచ్చం ఒకేలా దాటకపోతే సంకేతంలో కొంత కామన్ మోడ్‌గా మారి, బయట తగిలించిన కేబులే యాంటెన్నా అయి కూర్చుంటుంది.

డీఆర్‌సీ, అంటే కీక్యాడ్ చేసే నియమాల తనిఖీ, నడిపి చూపించు కుర్రాడికి. తప్పులు సున్నా! గీతల మధ్య దూరాల్లాంటివి సరిపోతే చాలు దానికి. తిరుగు దారి తెగిందని అది చెప్పదు. ఆ 3.3 వోల్ట్‌ల ట్రేసు తీసేసి, నాలుగో పొర మీదుగా మళ్లీ గియ్యి. ‘బీ’ నొక్కితే గ్రౌండ్ నిండుతుంది. వయాల చుట్టూ పడ్డ బెజ్జాలు జంట కిందికి రాలేదని చూసుకుని, అప్పుడు సేవ్ చెయ్యి.